పాలమూరు వలసలు: వానకంటె ముందు అప్పు

పాలమూరు పేరు వినగానే కరవు, వలస అను రెండు మాటలు స్ఫురించును. ఏటా సుమారు 600 మిల్లీమీటర్ల వర్షమే కురియు నేల గనుక జనులు ఊళ్లు విడచుచున్నారని సులభముగా అనుకొందుము. కాని కృష్ణానది తెలంగాణలో అడుగిడునది ఈ ప్రాంతముననే. తుంగభద్ర దానిలో కలియునది అలంపురము చేరువనే. నది పల్లమున, పొలములు మెరకన ఉండుట నిజమే. అయినను వలసను ఏటేట నడిపించినది వానలేమి ఒక్కటే కాదు, అప్పు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయిన జిల్లా ఇది. ప్రజల నోట మాత్రము పాలమూరుగనే నిలిచినది. పంట తీసి, చేతిలో పైకము లేని రోజులలో గుంపు మేస్త్రీ ఊరికి వచ్చెడివాడు. తరచు అతడు ఆ ఊరివాడే, ఒక్కొక్కప్పుడు చుట్టమే. గుత్తేదారు సొమ్ములోనుండి ఆలుమగల జంటకు ఇంతయని అడ్వాన్సు ఇచ్చును. పెండ్లి బాకీ, వైద్యము, నీరు పడని బోరు: ఆ సొమ్ము వీటికే చెల్లిపోవును. ఇక తిరిగి వానలు పడువరకు మేస్త్రీ చూపినచోట మట్టి మోయవలసినదే. తిండికి వారము వారము ఇచ్చు పైకము కూడ ఖాతాలో చేరును. ఖాతా వ్రాయువాడు మేస్త్రీ. వేలిముద్ర వేయువాడు కూలీ. లెక్కలో బాకీ తేలినచో మరుసటి ఏడు మరల ప్రయాణమే. దేశములో ఎన్నో ఆనకట్టలు, కాలువలు ఈ చేతుల మీదుగా లేచినవి.

శ్రమను అప్పునకు కట్టివేయుటను 1976 నాటి చట్టము నిషేధించినది. 1979 లో అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది గాని, సొంత రాష్ట్రములోనే పనికి పోయినవారికి అది వర్తింపలేదు. 2006 లో వచ్చిన ఉపాధి హామీ పథకము కొంత ఊరట నిచ్చినది. అయితే దాని కూలి పని చేసిన పిమ్మట వచ్చును; మేస్త్రీ సొమ్ము పనికి ముందే, ఒక్కసారిగా వచ్చును. ఇంట రోగి ఉన్నవానికి ఈ భేదమే సర్వస్వము.

ఇక చదువు. 2011 జనాభా లెక్కలలో ఈ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతము. స్త్రీలలో 45 శాతమునకు లోపే. జూన్‌లో బడిలో చేరిన పిల్లవాడు దీపావళి దాటగానే తలిదండ్రుల వెంట పోవును, లేదా ముసలి అవ్వకడ మిగులును. తమ్ముని ఎత్తుకొనుటకు అక్క బడి మానును. హాజరుపట్టీలో వరుసగా గైర్హాజరు పడిన విద్యార్థిని సోమరి యనుటకు ముందు, వాని ఇంటికి ఏ మాసములలో తాళము వేసియుండునో మనము అడుగవలెను.

ఇటీవల కల్వకుర్తి మొదలైన ఎత్తిపోతల నీరు కొన్ని మండలములకు అందినది; వరి పెరిగినది. బొంబాయి, పూనాలకు పోయినవారిలో కొందరు తిరిగి వచ్చిరి. నీరందని ఊళ్లవారు హైదరాబాదు అడ్డాలపై పనికై నిలుచుచున్నారు. ఇదిగాక మరియొక వింత: తెలంగాణ మళ్లలో నాట్లు వేయుటకు నేడు బీహారు, బెంగాలు నుండి గుంపులు దిగుచున్నవి. వారిని తెచ్చు మధ్యవర్తి చేతిలోను ఒక ఖాతా ఉండవచ్చును. అందులో ఏమి వ్రాయబడుచున్నదో చదువగలవారు ఇప్పుడు మన ఊళ్లలో ఉన్నారు.