పడవ మీద పందిరి దీపం

డల్లాస్ చుట్టుపక్కల ఉండేవారికి చెప్పనక్కర్లేదు. జూలై, ఆగస్టు నెలల్లో పట్టపగలు పడవలో కూర్చుని గాలం వేయడమంటే పెనం మీద కూర్చోవడమే! అందుకే ఇక్కడ చాలామంది పొద్దు గుంకాక పడవ తీస్తారు. మా పక్కింటి పెద్దాయన, మా పదకొండేళ్ళ అబ్బాయి, నేను కూడా మూడు వేసవులుగా లేక్ లవాన్‌లో అదే పని చేస్తున్నాం. ఆయన 14 అడుగుల అల్యూమినియం పడవకి మేము ముగ్గురం కలిసి కట్టుకున్న దీపం గురించే ఈ నాలుగు మాటలు.

దీపానికి చేప ఎందుకొస్తుంది? నిజానికి చేప దీపం కోసం రాదు, భోజనం కోసం వస్తుంది. నీళ్ళలోని సూక్ష్మజీవులు వెలుగు దగ్గర మూగుతాయి. వాటిని తినడానికి షాడ్ అనే చిన్న చేపలొస్తాయి. షాడ్ కోసం క్రాపీ చేపలొస్తాయి. ఈ బంతి సాగడానికి కాస్త టైము పడుతుంది కాబట్టి ఓపిక ముఖ్యం.

వెనకటి రోజుల్లో ఇక్కడివాళ్ళు కోల్‌మన్ లాంతర్లు వేలాడదీసేవారు. మన పెళ్ళి ఊరేగింపుల్లోని పెట్రోమాక్స్ లైట్లకి అవి దగ్గరి చుట్టాలే. తర్వాత కారు హెడ్‌లైట్లు వచ్చాయి, ఇప్పుడు ఎల్‌ఇడి పట్టీలు. మాది 2 మీటర్ల వాటర్‌ప్రూఫ్ పట్టీ. ఒక పివిసి గొట్టాన్ని నిలువునా చీల్చి, ఆ సగం లోపల పట్టీని అతికించాం. పడవకి ఒక పక్కన పొడుగునా, నిలబడితే తలకి తగలనంత ఎత్తులో, రెండు గొట్టాల మీద దాన్ని నిలబెట్టాం. అచ్చం పందిరి రాటలే! చీల్చిన గొట్టమే గొడుగు కాబట్టి వెలుగు నీళ్ళ మీద, చేతుల మీద పడుతుంది గానీ కళ్ళలో పడదు.

పిల్లలూ, ఇక్కడ ఒక చిన్న లెక్క. మా పట్టీ మీటరుకి 14.4 వాట్లు తీసుకుంటుంది, అంటే మొత్తం సుమారు 29. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 2.4 ఆంపియర్లు. ఆరు గంటలకి సుమారు 14.5 ఆంపియర్-అవర్లు. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగం కూడా ఖర్చు కాదు. అదే 55 వాట్ల పాత హెడ్‌లైట్లు రెండు పెడితే 55 ఆంపియర్-అవర్లు కావాలి! బ్యాటరీ ప్లస్ వైరుకి, బ్యాటరీకి దగ్గరగా, 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ఈ లెక్క మా అబ్బాయే కట్టాడు.

అయితే అసలు సంగతి వేరే ఉంది. గత ఆగస్టులో ఒక రాత్రి మేము లంగరు వేసి ఉండగా దూరంగా పెద్ద తెల్లని వెలుగు కనిపించింది. ఎవరో ఫ్లడ్‌లైటు అడ్డంగా బిగించుకున్నారు. ఆ వెలుగులో వాళ్ళ ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కలిసిపోయాయి. ఆ పడవ ఆగి ఉందో, వస్తోందో కూడా తెలియలేదు. "నాన్నా, అది పెద్దదవుతోంది!" అన్నాడు మావాడు. పెద్దాయన వెంటనే హారను ఐదుసార్లు పొట్టి పొట్టిగా మోగించారు. అది నీటి మీద ప్రమాద సంకేతం. ఆ పడవ మా పక్కనుంచి మలుపు తిరిగి పోయింది. మా పడవ చాలాసేపు ఊగుతూనే ఉంది.

అందుకే నా మాట ఒక్కటే. చేపలకి పెట్టే దీపం కన్నా సాటి పడవలకి మనల్ని చూపించే దీపం ముఖ్యం. పడవ నడుస్తున్నప్పుడు ముందు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనక తెలుపు వెలగాలి. లంగరు వేశాక నాలుగు దిక్కులా కనిపించే తెల్లదీపం పందిరికన్నా ఎత్తులో ఉండాలి. మనం కట్టిన దీపం వీటిని కప్పేయకూడదు. కాంతిలోంచి చీకట్లోకి చూస్తే కళ్ళు పూర్తిగా సర్దుకోవడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. కాబట్టి బయలుదేరే ముందే పందిరి దీపం ఆర్పేయండి. టెక్సాస్‌లో ఇలాంటి చిన్న పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ళ లోపు పిల్లలు లైఫ్‌జాకెట్ వేసుకోవాలని చట్టం. మావాడు లంగరు వేశాక కూడా విప్పడు.

వెలుగుకి బలం ఎక్కువ కాబట్టే హద్దులు కూడా ఉన్నాయి. భారతదేశపు సముద్ర జలాల్లో పెద్ద ఎల్‌ఇడి దీపాలతో చేపలు పట్టడాన్ని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులో నిషేధించింది. చిన్నా పెద్దా తేడా లేకుండా చేపలన్నీ వలలో పడిపోతే చిన్న జాలర్లకి మిగిలేదేముంది? టెక్సాస్‌లో మామూలుగా ఒకరికి రోజుకి 25 క్రాపీలే, అవీ 10 అంగుళాలకి తగ్గకూడదు. 17 ఏళ్ళ లోపు పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు గానీ ఈ లెక్క వాళ్ళకీ వర్తిస్తుంది.

మీరూ ఇలాంటి దీపం కట్టుకుంటే, నీళ్ళ మీదకి వెళ్ళే ముందు ఒక రాత్రి డ్రైవ్‌వేలో, ట్రైలర్ మీదే అన్ని దీపాలూ వెలిగించండి. పిల్లల్ని వీధి చివరికి తీసుకెళ్ళి, వెనక్కి తిరిగి ఏ రంగులు కనిపిస్తున్నాయో చెప్పమనండి. వాళ్ళు తడుముకోకుండా చెప్పగలిగితే మీ పడవ సిద్ధమైనట్టే.