బందరులో కనిపించిన పసుపు గీత

గిలకలదిండిలో చేపల వేటకు వెళ్లేవారికి అమావాస్య సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. మొగ దగ్గర ఇసుక మేట వేసినప్పుడు పెద్ద పడవలు పోటు కోసం ఆగవలసిందే. అమావాస్యకు, పౌర్ణమికి ఆ పోటు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలోకి వస్తాయి. సూర్యచంద్రుల ఆకర్షణలు రెండూ కలిసి సముద్రపు నీటిని లాగుతాయి.

సూర్యగ్రహణం కూడా అమావాస్యనాడే వస్తుంది. అయితే ప్రతి అమావాస్యకూ ఎందుకు రాదు? చంద్రుని కక్ష్య భూమి కక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. ఆకాశంలో చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అందువల్ల చాలా అమావాస్యలకు చంద్రుని నీడ భూమికి పైగానో, కిందుగానో పోతుంది. కక్ష్యలు రెండూ ఖండించుకునే చోటికి దగ్గరలో అమావాస్య పడితేనే గ్రహణం.

ఇంకొక వింత చూడండి. సూర్యుని వ్యాసం చంద్రుని వ్యాసానికి దాదాపు 400 రెట్లు. సూర్యుని దూరం కూడా చంద్రుని దూరానికి దాదాపు 400 రెట్లే! అందుకే రెండు బింబాలూ మనకు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పివేయగలుగుతున్నాడు. కాని ఆ చిక్కని నీడ భూమి మీద సన్నని పట్టీగానే పడుతుంది. ఆ పట్టీలో ఉన్నవారికే సంపూర్ణగ్రహణం, ఇరుపక్కల ఉన్నవారికి పాక్షికగ్రహణం.

1868 ఆగస్టు 18న ఆ పట్టీ దక్కను మీదుగా వచ్చి, గుంటూరు, బందరు దాటి, బంగాళాఖాతంలోకి సాగింది. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో, ఐదు నిమిషాలకు పైగా పగలు చీకటైంది. దీనికోసం శాస్త్రజ్ఞులు ఎంతో ముందుగానే ఏర్పాట్లు చేసుకున్నారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బందరు వచ్చాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఇంగ్లీషువాడైన టెన్నెంట్ గుంటూరులో మకాం వేశారు. ఆగస్టు వానల నెల. ఆ కాసేపూ మబ్బు పట్టిందంటే శ్రమంతా వృథాయే!

ఇంత శ్రమ దేనికి? సంపూర్ణగ్రహణ సమయంలో చంద్రబింబపు అంచున ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ నిశ్చయంగా తెలియదు. తెలుసుకునే పరికరం మాత్రం కొత్తగా చేతికి వచ్చింది. అదే వర్ణపటదర్శిని. ఇది కాంతిని రంగులుగా విడదీస్తుంది. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పసుపుపచ్చగా మారడం మీరు చూసే ఉంటారు. ఆ రంగు ఉప్పులోని సోడియంది. వర్ణపటదర్శినిలో అది పక్కపక్కనే ఉన్న రెండు పసుపు గీతలుగా కనిపిస్తుంది. ఇలా ప్రతి మూలకానికీ తనవైన గీతలు ఉంటాయని కిర్కాఫ్, బున్సెన్ 1859-60 ప్రాంతంలో నిరూపించారు. మనిషికి వేలిముద్రలు ఎలాంటివో మూలకానికి ఈ గీతలు అలాంటివి.

గ్రహణం పట్టింది. జ్వాలల కాంతిని పరికరంలో చూస్తే విడివిడి మెరుపు గీతలు కనిపించాయి. వేడెక్కిన పలుచని వాయువు ఇచ్చే గీతలివి. అంటే జ్వాలలు వాయువులే! అందులో హైడ్రోజన్ గీతలు ఉన్నాయి. వాటితోపాటు ఒక పసుపు గీత కూడా ఉంది. చాలామంది దాన్ని సోడియం గీత అనే అనుకున్నారు. శాస్త్రజ్ఞులు సోడియం గీతల స్థానాన్ని 'డి' అంటారు. బందరులో పోగ్సన్ మాత్రం ఆ గీత డి దగ్గర గాని, దాని సమీపంలో గాని ఉందని రాసుకున్నాడు. కచ్చితంగా కొలిచే వ్యవధి లేదు. కంటికి కనిపించినంతే రాశాడు, అంతకుమించి తేల్చి చెప్పలేదు.

గ్రహణం విడిచిన మరునాడు జాన్సెన్ గుంటూరులోనే మామూలు ఎండలో ఆ జ్వాలల గీతలను పట్టుకోగలిగాడు. ఇక గ్రహణం కోసం కాచుకోనక్కరలేదన్నమాట. ఇంగ్లండులో లాకయర్ అనే శాస్త్రజ్ఞుడు కూడా సొంతంగా ఇదే పద్ధతి కనిపెట్టి, అక్టోబరు 20న గీతలను చూశాడు. వీరిద్దరి వార్తలూ ప్యారిస్ శాస్త్ర అకాడమీకి ఒకే రోజున అందాయి! ఇప్పుడు తీరికగా కొలవడానికి వీలైంది. పసుపు గీత సోడియంది కాదని తేలింది. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంది. భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ అలాంటి గీత లేదు. సూర్యునికి గ్రీకు పేరు హీలియోస్. దానిని బట్టి ఆ కొత్త మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీతను చూశాడు. సూర్యునిలో ముందు దొరికి, భూమి మీద తరువాత దొరికిన మూలకం ఇది!

పోగ్సన్ రాసిన మాట చిన్నదే. కాని ప్రయోగశాలలో మీరు కూడా జ్ఞాపకం ఉంచుకోవలసిన మాట. రీడింగు పుస్తకంలోని విలువకు సరిపోకపోతే దిద్దకండి. చూసింది చూసినట్టు రాయండి. ఆ కాస్త తేడాలోనే కొత్త సంగతి దాగి ఉండవచ్చు.

మన తెలుగునేల మీద 1980 ఫిబ్రవరి 16న కూడా సంపూర్ణగ్రహణం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాల ఆ పట్టీలోనే ఉంది. 2034 మార్చి 20న రాబోయే సంపూర్ణగ్రహణపు పట్టీ కాశ్మీరు ప్రాంతం మీదుగా పోతుంది.

పాక్షికగ్రహణాన్ని ఉత్త కళ్లతో ఎన్నడూ చూడకండి. మసి పూసిన గాజు, ఎక్స్-రే ఫిల్మ్, నల్ల కళ్లద్దాలు పనికిరావు. కంటి లోపలి పొర కాలుతున్నా నొప్పి తెలియదు. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, సూర్యునికి వీపు పెట్టి నిలబడి, ఆ రంధ్రం గుండా వచ్చే కాంతిని తెల్ల కాగితం మీద పడనివ్వండి. కొరికిన అప్పడంలాంటి సూర్యబింబం కనిపిస్తుంది. అట్టముక్క లేకపోతే వేపచెట్టు కింద నేలను చూడండి. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగుచుక్కా ఒక చిన్న సూర్యుడే!