తుపాను రాని ఏడాది

తుపాను అనగానే మన కళ్లు తీరం వైపే చూస్తాయి. ఇక్కడ కాకినాడ, మచిలీపట్నం. అమెరికాలో మయామీ, న్యూ ఆర్లీన్స్. గాలి ఎంత వేగం, అల ఎంత ఎత్తు, తీరం దాటేదెప్పుడు అని వార్తలు హోరెత్తుతాయి. దాటాక ‘బలహీనపడింది’ అని ఒక్క మాటతో సరిపెడతాయి. గాలి వరకే అది నిజం. వాన బలం చాలాసార్లు తగ్గదు. లోపలి జిల్లాలకు తుపానుతో పని పడేది అప్పుడే.

అనంతపురం, కడప రైతులకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే తప్ప చెరువులోకి నీళ్లు రాని ఏళ్లు వాళ్లకు ఎన్నో తెలుసు. 2021 నవంబరులో అలాంటి వాయుగుండపు వానకే అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డున ఊళ్లు కొట్టుకుపోయాయి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల బతుకూ ఇలాంటిదే. వేసవి చివర, శరత్కాలంలో అక్కడి నేలకు అందే నీటిలో తుపాన్ల వాటా పెద్దది. ఆ వాటా అందని ఏడాది కరవు తలుపు తడుతుంది.

జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. వాళ్ల కుళాయిల్లోకి వచ్చే నీళ్లు లానియర్ సరస్సువి, లేదా దాని దిగువన పారే చాటహూచీ నదివి. 1950ల్లో సైన్యపు ఇంజనీర్ల విభాగం బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన జలాశయం అది. నిండితే మట్టం 1,071 అడుగులు. 2007 డిసెంబరు ఆఖరుకు అది 1,051 అడుగుల దిగువకు జారిపోయింది. పడవల రేవులు ఎర్రమట్టి మీద కూలబడ్డాయి. సరస్సు నిండకముందు గెయిన్స్‌విల్ దగ్గర కార్ల పందేలు జరిగిన మైదానం ఒకటుండేది. జనం కూర్చున్న దాని కాంక్రీటు మెట్లు అన్నేళ్ల తర్వాత నీళ్లలోంచి బయటపడ్డాయి. సెప్టెంబరు చివర్లోనే ఉత్తర జార్జియాలోని 61 కౌంటీల్లో పెరటి మొక్కలకూ పచ్చికకూ నీళ్లు పెట్టడం దాదాపు పూర్తిగా నిషేధించారు. నవంబరు 13న గవర్నర్ సానీ పెర్డ్యూ రాష్ట్ర పరిపాలన భవనం ముందు జనంతో కలిసి వాన కోసం ప్రార్థించారు. వరుణ జపాలు చేయించే మన ఊళ్ల వాళ్లకు ఆ ఆరాటం అర్థమవుతుంది.

ఆ ఏడాది అట్లాంటిక్‌లో తుపాన్లకు కొదవలేదు. పేర్లు పెట్టినవే పదిహేను. వాటిలో అతి భీకరమైన డీన్ మెక్సికో మీద, ఫీలిక్స్ నికరాగువా మీద పడ్డాయి. ఆగ్నేయ అమెరికా మీద తిష్ఠ వేసిన అధిక పీడనం వాటిని దక్షిణపు దారిలోనే పడమటికి నెట్టేసింది. ఆ అధిక పీడనమే జార్జియా మీద మబ్బు కట్టనివ్వకుండా ఎండలు కాయించింది కూడా. ఎండబెట్టిందీ, తడిపేవాటిని రానివ్వనిదీ ఒక్కటే. కరవులు ఒకసారి మొదలైతే అంత మొండిగా ఎందుకు సాగుతాయో ఇక్కడ తెలుస్తుంది.

మరుసటి ఏడాది ఆగస్టులో ఫే వచ్చింది. నత్తనడకన కదిలిన ఆ తుపాను దక్షిణ జార్జియాలోని థామస్‌విల్‌లో 27 అంగుళాలు, అంటే దాదాపు 690 మిల్లీమీటర్లు కురిసింది. పొలాలు మునిగాయి, రోడ్లు తెగాయి. లానియర్ మాత్రం నిండలేదు. ఆ సరస్సుకు నీళ్లిచ్చే పరీవాహక ప్రాంతం సుమారు 2,700 చదరపు కిలోమీటర్లే. మన శ్రీశైలానికి రెండు లక్షల పైచిలుకు ఉంది. మహాబలేశ్వరంలో వాన పడ్డా నీళ్లు మనదాకా వస్తాయి. లానియర్‌కు ఎగువనున్న ఆ కాసిని కొండల మీద పడితేనే లెక్క. అట్లాంటా నగరంలో ఎంత కురిసినా ఆ నీరు కిందికే పోతుంది. చివరికి సరస్సు నిండింది 2009 అక్టోబరులో. నింపింది ఏ తుపానూ కాదు, ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పట్టిన భారీ వానలు.

కాబట్టి ఎన్ని అంగుళాలు పడిందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎక్కడ పడింది, తుపానుకు ఏ పక్క పడింది అన్నవి అంతకన్నా ముఖ్యం. దీనికి 2011 నాటి టెక్సాస్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఏడాది పొడవునా ఆ రాష్ట్రం మాడిపోయింది. సెప్టెంబరు మొదట్లో మెక్సికో గల్ఫ్‌లో లీ తుపాను పుట్టింది. వానొస్తుందని అందరూ ఆశపడ్డారు. సెప్టెంబరు 4న అది పక్కనున్న లూయిజియానాలో తీరం దాటింది. ఉత్తరార్ధగోళంలో తుపాను చుట్టూ గాలి గడియారపు ముళ్లకు ఎదురుదిశలో తిరుగుతుంది. అందువల్ల అక్కడ కేంద్రానికి తూర్పున ఉన్నవాళ్లకు సముద్రం మీది తేమ అందుతుంది. పడమర ఉన్నవాళ్లకు ఉత్తరం నుంచి పొడిగాలి కొడుతుంది. టెక్సాస్ పడమర ఉంది. ఆ గాలికి ఆస్టిన్ దగ్గర బాస్ట్రాప్‌లో చెట్లు కరెంటు తీగల మీద పడి నిప్పు పుట్టింది. 34 వేల ఎకరాల పైన్ అడవి, 1,600కు పైగా ఇళ్లు కాలిపోయాయి, ఇద్దరు చనిపోయారు. టెక్సాస్‌కు దక్కని వాన పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల దాకా పోయింది. అంతకు కొద్ది రోజుల ముందే ఐరీన్ తుపాను తడిపేసిన నేల అది. సస్క్వెహానా నదికి రికార్డు వరద వచ్చింది.

తుపాను బలంలో నేలకూ చేయి ఉంది. 2007 వేసవిలో జార్జియా ఎండుతుంటే, ఓక్లహోమా వానలతో నానిపోయి ఉంది. అక్కడికి ఎరిన్ అనే నీరసపడిన తుపాను చేరింది. సముద్రానికి 800 కిలోమీటర్ల దూరాన, ఆగస్టు 19 తెల్లవారుజామున, అది మళ్లీ బలం పుంజుకుని కన్ను కూడా తెరిచింది. సముద్రం మీద ఉన్నప్పటి కన్నా గాలి పెరిగింది. నిండా పదునెక్కిన నేల నుంచి లేచే వెచ్చటి ఆవిరే దానికి మేత అయిందని జార్జియా విశ్వవిద్యాలయంలో మార్షల్ షెపర్డ్, థెరెసా ఆండర్సన్ వివరించారు. అలాంటి నేలకు వాళ్లు వాడిన పేరు ‘బ్రౌన్ ఓషన్’. ఎండిన నేల మీదికి వచ్చిన తుపానుకు ఆ మేత దొరకదు.

బీటలు వారిన నేల మీద కుండపోత పడితే సిమెంటు చప్టా మీద బిందె కుమ్మరించినట్టే. 2025 జూన్ 29న మెక్సికోలో తీరం దాటిన బ్యారీ తుపాను తాలూకు తేమ, జులై 4 తెల్లవారుజామున టెక్సాస్ కొండప్రాంతంలోని కెర్ కౌంటీ మీద కురిసింది. తీవ్రమైన కరవులో ఉన్న చోటు. సున్నపురాతి మీద పలుచని మట్టి. గ్వాడలూప్ నది 45 నిమిషాల్లో 26 అడుగులు లేచింది. టెక్సాస్‌లో ఆ వరదలకు 130 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో వేసవి శిబిరానికి వచ్చిన చిన్నపిల్లలున్నారు. ఇంత జరిగినా, పక్క లోయలోని మెడీనా సరస్సు దాదాపు అడుగంటే ఉండిపోయింది. అంతమందిని పోగొట్టుకున్నా పక్క రైతుకు సాగునీరు రాలేదు. ఈ విషయం నన్ను చాలా కలచివేసింది.

తుపాన్లు ఎన్ని వస్తాయన్నదానిలో పసిఫిక్ సముద్రానికీ పాత్ర ఉంది. అక్కడి నీళ్లు మామూలు కన్నా చల్లబడే లా నినా ఏడాది అట్లాంటిక్ తుపాన్లు పెరుగుతాయి, కానీ ఆగ్నేయ రాష్ట్రాల శీతాకాలం పొడిగా గడుస్తుంది. ఆ నీళ్లు వేడెక్కే ఎల్ నినో ఏడాది తుపాన్లు తగ్గుతాయి, చలికాలపు వానలు ఆదుకుంటాయి. జలాశయాలు నడిపేవాళ్లు ఈ రెంటి మధ్యనే లెక్క వేసుకోవాలి.

వరదా, ఎండా ఒకేచోట వెంటవెంటనే కూడా రావచ్చు. 2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్ తుపాను వచ్చే ముందే, దానికన్నా ముందుగా చేరిన తేమకు పశ్చిమ నార్త్ కరోలినా కొండలు నిండుగా తడిశాయి. ఆపైన తుపాను వాన. బ్యూసిక్ అనే చోట మొత్తం 30 అంగుళాలు దాటింది. ఆష్‌విల్ నగరపు పెద్ద పైపులు కొట్టుకుపోయాయి, రిజర్వాయరు నీళ్లు బురదయ్యాయి. చుట్టూ వరద, కుళాయిలో తాగే నీరు లేదు. కుళాయి నీరు మళ్లీ తాగడానికి పనికొచ్చింది నవంబరు 18న. ఈలోగా అక్టోబరంతా ఆ రాష్ట్రంలో దాదాపు వానే లేదు. హెలీన్ కూల్చిన చెట్లు కొండల మీద అలాగే పడి ఎండాయి. 2025 మార్చిలో పోక్ కౌంటీలో అడవి అంటుకున్నప్పుడు మంటకు ఆ చెట్లే ఇంధనమయ్యాయి, ఆర్పడానికి వెళ్లినవాళ్ల దారికి అడ్డం పడ్డవీ అవే.