ఘాటుగా, తీయగా... పల్లీ పట్టీ

కొత్తకాపురంలో నేను చేసిన మొదటి పల్లీ పట్టీ పాకం కుదరక, పళ్లెంలోంచి చెంచాలతో తవ్వుకుని తిన్నాం! మా అత్తగారు నవ్వి ఊరుకోకుండా పక్కన నిలబడి పాకం చూడడం నేర్పారు.

కప్పు పల్లీలు సన్నని సెగమీద దోరగా వేయించి, పొట్టు తీసి బద్దలు చేసుకోండి. ముప్పావు కప్పు బెల్లం తురుము రెండు చెంచాల నీళ్లతో కరిగించి, వడకట్టి పాకం పట్టండి. చన్నీళ్లలో చుక్క వేసి చూడండి. మెత్తగా సాగితే ఇంకా రాలేదన్నమాట. గట్టిగా ఉండకట్టి, పళ్లెంలో వేస్తే ఠంగుమనాలి. అప్పుడు దించి, అరచెంచా చొప్పున మిరియాలపొడి, శొంఠిపొడి, చిటికెడు ఉప్పు, పల్లీలు కలిపి నెయ్యి రాసిన పళ్లెంలో పరచండి. వేడిమీదే గాట్లు పెట్టాలి సుమా!

ముందు తీపి, వెనకాలే ఘాటు. అచ్చం మా అత్తగారి మాటలాగే!