పస్కా పండుగ: పిల్లవాడి ప్రశ్న, ఇంటి భాష

తెలుగు బైబిలు చదివినవారికి ‘పస్కా’ కొత్త మాట కాదు. హీబ్రూలో ఈ పండుగ పేరు ‘పెసహ్’. ఈజిప్టు బానిసత్వం నుంచి తమ పూర్వులు విడుదలైన సంగతిని యూదులు నీసాను నెల 15వ తేదీ మొదలుకొని స్మరించుకొంటారు. ఇజ్రాయెల్‌లో ఇది 7 రోజుల పండుగ. బయటి దేశాల్లో సంప్రదాయం ప్రకారం 8 రోజులు.

దీనికి ముఖ్యస్థానం ఇల్లే. తొలిరాత్రి జరిగే విందును ‘సేదెర్’, అంటే క్రమం, అంటారు. పులియని రొట్టె బానిసత్వాన్నీ, ప్రయాణపు తొందరనూ గుర్తుచేస్తుంది. చేదుకూర ఆనాటి కష్టాలను గుర్తుచేస్తుంది. ఆ రాత్రి ప్రత్యేకత ఏమిటని ఇంట్లో అందరికన్న చిన్నవారు అడగాలి. పెద్దలు ‘హగ్గాదా’ చదువుతూ జవాబు చెప్పాలి. హగ్గాదా అంటే చెప్పడమనే అర్థం. పిల్లలు లేని ఇంట పెద్దలే అడుగుతారు. ఒంటరిగా ఉన్నవాడు తనను తానే ప్రశ్నించుకోవాలి.

భాషా విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. హగ్గాదాలో అధికభాగం హీబ్రూలో ఉన్నా, ఆకలిగొన్నవారిని భోజనానికి పిలిచే భాగం మాత్రం అరమాయిక్‌లో ఉంది. ఒకప్పుడు అది వారి వాడుకభాష. పిలుపు అందరికీ అర్థం కావాలి కదా!

మహారాష్ట్రలో కొంకణ తీరాన స్థిరపడిన బెనె ఇజ్రాయెల్ యూదులకు మరాఠీయే మాతృభాష అయింది. పుల్లటి పచ్చడి కుండను మూసిపెట్టే పండుగ అని అర్థం వచ్చే మరాఠీ పేరుతో వారు పస్కాను పిలిచేవారు. 1846లో బొంబాయిలో హీబ్రూ మూలంతోపాటు మరాఠీ అనువాదం ఉన్న హగ్గాదా అచ్చయింది. 1874 నాటి పూనా ముద్రణలోని బొమ్మల్లో, చీరలు కట్టుకొన్న స్త్రీలు పులియని రొట్టెలు చేస్తుంటారు. 1948 తరువాత వీరిలో చాలామంది ఇజ్రాయెల్‌కు తరలివెళ్లారు.

తెలుగు నేలతోనూ ఈ పండుగకు సంబంధం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే మాతృభాషగా గల బెనె ఎఫ్రాయీం సమాజంవారు 1980వ దశకం నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు.

షోలాపూరులోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఇంట ఒక భాష, బడిలో మరో భాషగా పెరిగిన మనం దీన్ని ఆలోచించాలి. మూలాన్ని వదలకుండా దాని పక్కనే పిల్లవాడికి తెలిసిన భాషను నిలపడం బెనె ఇజ్రాయెల్‌వారు చేసిన పని. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకని మన ఇంటి పిల్లలు మరాఠీలోనో, తమిళంలోనో, ఒడియాలోనో అడిగితే, తెలుగు రాదని కసురుకోవద్దు. వారి భాషలోనే చెబుదాం. పక్కనే తెలుగు మాటనూ అందిద్దాం. కసురుకొంటే ఆ ప్రశ్న మరుసటి ఏడు వినిపించదు.