రాకీ కొండల నుంచి గడ్డి మైదానాల దాకా ఆర్‌వీ ప్రయాణం

అమెరికాలో ఆర్‌వీ అంటే చక్రాల మీద కదిలే చిన్న ఇల్లు. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఉంటాయి. సినిమా షూటింగుల దగ్గర తారల కోసం నిలిపి ఉంచే క్యారవాన్ కూడా ఈ కోవకు చెందినదే. ఇంజను, ఇల్లు ఒకే బండిగా ఉంటే దాన్ని మోటార్‌హోమ్ అంటారు. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళేది ట్రైలర్. మోటార్‌హోముల్లో మళ్ళీ మూడు తరగతులున్నాయి. బస్సంత ఉండేది క్లాస్ ఏ. వ్యాను లోపలే అన్నీ ఇరికించింది క్లాస్ బి. ట్రక్కు ముందు భాగాన్ని అలాగే ఉంచి, వెనక గది కట్టి, డ్రైవరు తల మీదుగా ఒక పడకను ముందుకు సాగదీసింది క్లాస్ సి. అద్దెకు ఎక్కువగా దొరికేది ఈ మూడో రకమే. 25 అడుగుల క్లాస్ సి బండిని నడపడానికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలు. బస్సు డ్రైవరు పరీక్ష రాయనక్కర్లేదు. కానీ కొండల్లోకి వెళ్ళేసరికి ఈ బండికీ కారుకీ ఎంత తేడా ఉందో మొదటి గంటలోనే తెలిసిపోతుంది.

కొండలనూ మైదానాలనూ ఒకే చుట్టులో చూడటానికి డెన్వర్ నుంచి బయలుదేరే దారి మంచిది. కొలరాడో రాజధాని డెన్వర్ సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తున, రాకీ పర్వతాలు మొదలయ్యే చోట, మైదానాల అంచున ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా వయోమింగ్‌లోకి ప్రవేశించి లారమీ, రాలిన్స్, ల్యాండర్ ఊళ్ళ మీదుగా గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ జాతీయ పార్కులకు చేరుకోవచ్చు. తర్వాత తూర్పుకు తిరిగి కోడీ పట్టణం, బిగ్‌హార్న్ కొండలు, డెవిల్స్ టవర్, దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్, బ్యాడ్‌లాండ్స్ చూసుకుని, నెబ్రాస్కా పడమటి అంచు మీదుగా డెన్వర్‌కు తిరిగి రావాలి. మొత్తం సుమారు 1,700 మైళ్ళు, అంటే 2,700 కిలోమీటర్లు. పటంలో చూస్తే వారం రోజుల పనిలా కనిపిస్తుంది. ఆర్‌వీలో మాత్రం దూరం కన్నా ఎత్తు, వాలు, గాలి, ట్యాంకులో మిగిలిన నీళ్ళు ఎక్కువ లెక్కకొస్తాయి. ఈ నాలుగింటినీ పట్టించుకోకుండా వేసుకున్న ప్రణాళిక రెండో రోజుకే తారుమారవుతుంది.

లారమీ నుంచి రాలిన్స్ వరకు ఉన్న ఇంటర్‌స్టేట్ 80 రహదారి మీద గాలి సంగతి అర్థమవుతుంది. రాకీ పర్వత శ్రేణి దక్షిణ వయోమింగ్‌లో కొంత తగ్గి, ఒక పెద్ద ఖాళీ వదులుతుంది. 1869లో పూర్తయిన మొదటి ఖండాంతర రైలుమార్గం కూడా ఈ ఖాళీ చూసుకునే వేశారు. రైలుకు పనికొచ్చిన ఆ సందులోంచే పడమటి గాలులూ దూసుకొస్తాయి. 11, 12 అడుగుల ఎత్తున్న తేలికపాటి బండికి పక్క నుంచి కొట్టే గాలే ప్రధాన శత్రువు. గాలి మరీ ఎక్కువైన రోజుల్లో ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ ఉన్న వాహనాలను ఆ రోడ్డు మీదికి రానివ్వకుండా రాష్ట్ర అధికారులు ఆపేస్తారు. ఉదయం పూట గాలి సాధారణంగా తక్కువ ఉంటుంది కాబట్టి అనుభవమున్నవాళ్ళు తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నానికల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోతారు.

పెట్రోలు సంగతీ ఇక్కడే చూసుకోవాలి. వయోమింగ్ విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన దానికన్నా కొంచెమే తక్కువ. 2020 లెక్కల ప్రకారం అక్కడి జనాభా మాత్రం 5,76,851. అమెరికా రాష్ట్రాలన్నిటిలో ఇదే తక్కువ. ఊరికీ ఊరికీ మధ్య యాభై, అరవై మైళ్ళు ఏమీ ఉండదు. క్లాస్ సి బండి గ్యాలనుకు 8 నుంచి 10 మైళ్ళు, మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున నడుస్తుంది. అందుకే ట్యాంకు సగానికి రాగానే నింపుకోవాలనే నియమం పెట్టుకుంటారు.

ల్యాండర్ దాటాక దారి విండ్ రివర్ రిజర్వేషన్ గుండా సాగుతుంది. తూర్పు షోషోనీ, ఉత్తర అరాపహో తెగల నేల ఇది. డుబోయి ఊరి తర్వాత ఎక్కుడు మొదలై టోగోటీ కనుమ దగ్గర 9,658 అడుగులకు చేరుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. గాలి పలచబడి సిలిండర్లలోకి ఆక్సిజన్ తక్కువగా వెళ్ళడమే దీనికి కారణం. ఈ లెక్కన కనుమ ఎక్కేసరికి ఇంజను బలంలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఎక్కేటప్పుడు బండి నత్తనడక నడిచినా ప్రమాదం లేదు. వెనక కార్లు పోగైతే పక్కకు తీసి దారి ఇస్తే చాలు. భయపడాల్సింది దిగేటప్పుడు.

రోడ్డు పక్క బోర్డు మీద 6 శాతం అని ఉంటే, ప్రతి వంద అడుగులకు ఆరడుగులు దిగుతుందని అర్థం. నాలుగైదు టన్నుల బండిని అలాంటి వాలులో మైళ్ళ తరబడి బ్రేకు మీదే ఆపుకుంటూ వస్తే, రాపిడికి బ్రేకు బిళ్ళలు కాలి, పట్టు పోతుంది. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో, కుదిరితే ఇంకా కింది గేరులో దిగడం పాత లారీ డ్రైవర్ల సూత్రం. ఆటోమేటిక్ బండ్లలో టో హాల్ అనే మీట ఆ పనే చేస్తుంది. ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద అప్పుడప్పుడూ గట్టిగా కాలు వేసి వదిలేస్తే సరిపోతుంది.

దిగిన తర్వాత కనిపించే టీటన్ శిఖరాలకు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు పర్వతాల ముందు చిన్న గుట్టలుంటాయి. ఇక్కడ అవి లేవు. భూమిలో ఒక పగులు వెంట పడమటి పక్క లేచి, తూర్పు పక్క లోయ కుంగిపోయింది. అందువల్ల గ్రాండ్ టీటన్ శిఖరం లోయలోని చదును నేల మీంచి ఒక్కసారిగా ఏడు వేల అడుగులు లేచి నిలబడుతుంది. దాని మొత్తం ఎత్తు 13,775 అడుగులు. రాకీ పర్వతాలు చాలావరకు 8 కోట్ల నుంచి 5.5 కోట్ల ఏళ్ళ కిందట లేచినవి. టీటన్లు కోటి ఏళ్ళ లోపువి. కొండల లోకంలో ఇవి పసివాళ్ళే.

పక్కనే ఎల్లోస్టోన్. 1872లో ఏర్పడిన ప్రపంచంలోని మొదటి జాతీయ పార్కు. ఇందులో ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే 142 మైళ్ళ రోడ్డు ఉంది. ఆర్‌వీలో వచ్చేవాళ్ళకు ఇక్కడి ముఖ్య విడిది ఫిషింగ్ బ్రిడ్జ్. పార్కు లోపల కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ బండికి తగిలించుకునే వీలున్న చోటు ఇదొక్కటే. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కావడంతో గట్టి గోడలున్న బండ్లకే అనుమతి. గుడ్డ డేరాలను రానివ్వరు. ఎలుగులకూ తోడేళ్ళకూ 100 గజాలు, అడవిదున్నలకూ దుప్పులకూ 25 గజాలు దూరంగా ఉండాలన్నది పార్కు నియమం. రోడ్డు మీద దున్నల మంద అడ్డం వస్తే హారన్ కొట్టకుండా బండి ఆపుకుని కూర్చోవడమే పని. అవి కదిలేదాకా ఎవరూ కదలరు.

నీళ్ళ లెక్క ఇక్కడ మొదలవుతుంది. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. రెండోది స్నానం, గిన్నెలు కడిగిన నీళ్ళది. దాన్ని గ్రే ట్యాంకు అంటారు. మూడోది మరుగుదొడ్డిది, బ్లాక్ ట్యాంకు. మంచినీళ్ళ ట్యాంకులో మహా అయితే 130 నుంచి 150 లీటర్లు పడతాయి. నలుగురు మనుషులు ఇంట్లోలా స్నానాలు చేస్తే రెండో రోజుకే ఖాళీ. తడిసి, షవర్ కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పుకోవడం అందరూ అలవాటు చేసుకోవాల్సిందే. నిండిన ట్యాంకులను డంప్ స్టేషన్ అనే చోట మాత్రమే వదలాలి. ముందు బ్లాక్ ట్యాంకు వదిలి, తర్వాత గ్రే ట్యాంకు వదలాలి. సబ్బు నీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. రోడ్డు పక్కన వదిలితే జరిమానా తప్పదు. తప్పకూడదు కూడా.

వంట విషయంలో తెలుగువాళ్ళకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగులకు పైగా ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నీళ్ళు తెర్లుతున్నా వేడి చాలక కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, అన్నం పలుకుగానే ఉంటుంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చే తల్లిదండ్రులు ఈ ప్రయాణాలకు ప్రెషర్ కుక్కర్ వెంట తెమ్మని పట్టుబట్టడం ఉత్త చాదస్తం కాదు. మూత బిగించిన కుక్కర్‌లో ఒత్తిడి పెరిగి నీళ్ళు 110 డిగ్రీలకు పైగా వేడెక్కుతాయి. పొయ్యి గ్యాసుదే కాబట్టి కరెంటు ఉన్నా లేకపోయినా వంట ఆగదు. మైక్రోవేవ్‌కు, ఏసీకి మాత్రం క్యాంపులో ఇచ్చే 30 యాంపుల కరెంటు గానీ, బండిలోని జనరేటర్ గానీ కావాలి.

ఎల్లోస్టోన్ తూర్పు ద్వారం నుంచి కోడీ దాటాక బిగ్‌హార్న్ కొండలు అడ్డం వస్తాయి. వాటిని దాటడానికి మూడు రోడ్లున్నాయి. మొబైల్‌లోని దారి చూపే యాప్ బండి బరువు అడగదు, దగ్గరి దారి చూపించేస్తుంది. 14 ఏ అనే రోడ్డులో వాలు పది శాతం దాకా ఉంటుంది. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి గులకరాళ్ళ బాటలు కూడా కట్టారంటే అది ఎలాంటి దారో ఊహించుకోవచ్చు. దక్షిణంగా టెన్ స్లీప్ ఊరి మీదుగా వెళ్ళే 16వ నంబరు రోడ్డు కొంచెం చుట్టు అయినా, మూడింటిలో అదే మెత్తని ఎక్కుడు. ఆర్‌వీకి అదే దారి.

బఫలో పట్టణంలో దిగాక నేల చదునవుతుంది. ఇక్కడి నుంచి తూర్పున ఉన్నదంతా గ్రేట్ ప్లెయిన్స్. పేరుకు మైదానమే కానీ కొండల పాదాల దగ్గర అయిదారు వేల అడుగుల ఎత్తుండి, వందల మైళ్ళ దూరంలో తూర్పు అంచుకు వెళ్ళేసరికి రెండు వేల లోపుకు దిగుతుంది. కొండలు కోసుకుపోయి, నదులు మోసుకొచ్చిన మట్టీ ఇసుకా పరుచుకుని ఏర్పడ్డ నేల ఇది. పసిఫిక్ నుంచి వచ్చే తేమ రాకీల పడమటి వాలు మీదే కురిసిపోతుంది కాబట్టి ఇటువైపు వాన తక్కువ. పడమటి కనుమలు అడ్డుపడి అనంతపురం జిల్లాకు వాన తగ్గించినట్టే ఇక్కడా జరుగుతుంది. చెట్టుకు చాలని వాన గడ్డికి చాలుతుంది. ఆ గడ్డి మీదే ఒకప్పుడు కోట్ల అడవిదున్నలు బతికాయి. 1880ల నాటికి వేటగాళ్ళు వాటిని దాదాపు తుడిచిపెట్టేశారు.

ఈ చదును మీద డెవిల్స్ టవర్ మొదలు నుంచి 867 అడుగులు లేచిన ఒంటి బండ. కరిగిన రాయి భూమి లోపలే చల్లబడి స్తంభాలుగా పగిలితే, చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోయి అది బయటపడింది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దీన్ని దేశంలో మొదటి జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఈ మైదానాల్లోని లకోటా తెగవాళ్ళకు ఇది అంతకు ఎంతో ముందు నుంచీ పవిత్ర స్థలం.

బ్లాక్ హిల్స్ కూడా లకోటాలవే. 1868 ఒప్పందంలో వాళ్ళకే రాసిచ్చారు. 1874లో బంగారం బయటపడగానే మాట మారింది, 1877లో ఆ కొండలను లాగేసుకున్నారు. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టు తేల్చి, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారాన్ని ఖరారు చేసింది. లకోటాలు ఆ డబ్బు ముట్టుకోలేదు, తమకు కొండలే కావాలన్నారు. నలుగురు అధ్యక్షుల 60 అడుగుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్మోర్ ఈ కొండల్లోదే. 1927 నుంచి 1941 వరకు చెక్కారు. కొండలను లాక్కున్న కథ తెలియకుండా ఆ శిల్పాన్ని చూడటం సగం చూడటమే. దగ్గర్లోని నీడిల్స్ రోడ్డులో ఒక సొరంగం వెడల్పు ఎనిమిది అడుగులే. మోటార్‌హోమ్ అద్దాలు కాకుండానే అంత ఉంటుంది. బండిని క్యాంపులో వదిలి, ఒక రోజుకు చిన్న కారు అద్దెకు తీసుకోవడమే దీనికి మార్గం.

బ్యాడ్‌లాండ్స్‌లో ఇలాంటి చిక్కులు లేవు. రోడ్డు వెడల్పు, బండి ఆపుకునే చోట్లు బోలెడు. పొరలు పొరలుగా పేరుకున్న మట్టి అయిదు లక్షల ఏళ్ళుగా వానకు ఏడాదికి ఒక అంగుళం చొప్పున కోసుకుపోతోంది. మూడు వేళ్ళ గుర్రాల, ఖడ్గమృగం జాతి జంతువుల ఎముకలు అందులోంచి బయటపడుతుంటాయి. అక్కడి నుంచి దక్షిణంగా నెబ్రాస్కాలోకి దిగితే, అలయన్స్ ఊరికి తూర్పున శాండ్‌హిల్స్ మొదలవుతాయి. సుమారు 50,000 చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బలు, అన్నిటి మీదా గడ్డి కప్పి ఉంటుంది. వాటి అడుగున ఒగల్లాల భూగర్భ జలాశయం ఉంది. పడమటివైపు చిమ్నీ రాక్ అనే రాతి స్తంభం 1840ల్లో ఒరెగాన్‌కు ఎడ్లబండ్ల మీద వలస పోయినవాళ్ళకు దారి గుర్తు. వాళ్ళు రోజంతా నడిచినా పదిహేను మైళ్ళే సాగేవాళ్ళు.

మైదానాల మీద జాగ్రత్త పడాల్సింది ఆకాశం గురించి. కొలరాడో, వయోమింగ్, నెబ్రాస్కా కలిసే ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వడగళ్ళు కురుస్తాయి. ఆర్‌వీ పైకప్పు మీది గాలి గవాక్షాల ప్లాస్టిక్ మూతలు వాటికి నిలవవు. పడమట మబ్బు పడితే, కప్పున్న పెట్రోలు బంకు కిందికి చేరడం మంచిది.

ఈ చుట్టుకు జూన్ నడుమ నుంచి సెప్టెంబరు నడుమ వరకే అనువైన కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎల్లోస్టోన్ లోపలి రోడ్లు చాలావరకు మామూలు వాహనాలకు మూసి ఉంటాయి. పార్కుల్లోని విడిది చోట్లను నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. సెలవు రెండు వారాలకు తక్కువైతే ఎల్లోస్టోన్‌ను మరో ఏటికి వదిలి, డెన్వర్ నుంచి నేరుగా బ్లాక్ హిల్స్, బ్యాడ్‌లాండ్స్ చూసుకుని రావడం మేలు. బ్లాక్ హిల్స్‌కు దూరం 400 మైళ్ళ లోపే. మధ్యలో ఒక రాత్రి ఆగి వెళ్తే చాలు.