స్కాన్ నార్మల్ అన్నారు, మరి బేబీ ఎందుకు నీలంగా ఉంది?

ఈరోజు టీఏపీవీసీ గురించి. ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చే నాలుగు సిరలు గుండెకి ఎడమవైపు కలవాలి. ఇందులో అవి కుడివైపు కలుస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల లెక్కలో రాంగ్ పోర్ట్ అన్నమాట!

కడుపులో ఉన్నంతకాలం ఆక్సిజన్ తల్లి మాయ నుంచే వస్తుంది, ఊపిరితిత్తులకి వెళ్లే రక్తం చాలా తక్కువ. అందుకే బిడ్డ బాగానే ఉంటుంది, టిఫా స్కాన్‌లో కూడా ఇది చాలాసార్లు దొరకదు. స్కాన్ చేసినవాళ్లని తిట్టుకోకండి. అనుమానం వస్తే ఫీటల్ ఎకో చేస్తారు.

పుట్టాకే అసలు కథ. పెదాలు నీలం, ఆయాసం, పాలు తాగలేకపోవడం. ఆ సిరల్లో అడ్డు కూడా ఉంటే ఆపరేషన్ అర్జెంట్.

సో, పుట్టిన 24 గంటలు దాటాక, డిశ్చార్జికి ముందు, కుడిచేతికీ ఒక పాదానికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టమని అడగండి. నొప్పి ఉండదు, కొన్ని నిమిషాలే. ఎక్కడైనా 90 కంటే తక్కువొస్తే వెంటనే పిల్లల డాక్టర్ చూడాలి, ఎకో తీయించాలి. రీడింగ్ బాగున్నా ఇంటికెళ్లాక ఆయాసపడుతుంటే మళ్లీ తీసుకెళ్లండి.